ఒక్కరే పట్టే మెట్లు

మా ఊరి కోటను బాగుచేస్తున్నన్ని ఏళ్ళూ నా బతుకు దుమ్ము దులుపుకోవడంతోనే సరిపోయింది. వాల్‌దెసార్రో అనే మా ఊరి నడిబొడ్డున, చర్చికి ఎదురుగా ఉన్న ఊలు దుకాణం నాది. కొండ మీంచి రాళ్ళ లారీ దిగిన ప్రతిసారీ సున్నపు పొడి వచ్చి నా ఊలుండల మీద పడేది. మొదట ఒక కాంట్రాక్టరు వచ్చాడు. గోడల చుట్టూ పరంజా కట్టి మాయమైపోయాడు. తర్వాత ఇంకొకడొచ్చాడు. ఆ తర్వాత మాద్రిద్ నుంచి ఒక ఆర్కిటెక్టు దిగి, అంతవరకూ చేసిందంతా తప్పన్నాడు. పీకించి మళ్ళీ కట్టించాడు. "వచ్చే ఏడాదికల్లా తెరుస్తాం" అని మేయరు ప్రతి ఏటా ఊరి పండగనాడు మైకులో చెప్పడం, మేం చప్పట్లు కొట్టడం.

తీరా తెరిచాక ఊరంతా చూసొచ్చింది, నేను తప్ప. మొదటి ఆదివారం వెళ్తే కరెంటు పని ఉందని మూసేశారు. ఇంకోసారి వెళ్తే టికెట్ల కిటికీ దగ్గర మనిషి లేదు. తాళాలు టికెట్లమ్మే కాసిల్దా దగ్గరుంటాయి. ఆవిడేమో వాటిని సంచీలో వేసుకుని అక్క మనవరాలి బాప్తిజానికి పోయింది. మరోసారి గాలి ఎక్కువగా ఉందని బురుజు మూసేశారు. నేనిక ఆశ వదిలేశాను.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం, వెల్లుల్లి సూపు తాగి బల్ల కింద కుంపటికి కాళ్ళు చాపుకుని కూర్చున్నాం. మా ఆయన ఎలాదియో ఉన్నట్టుండి చెంచా కింద పెట్టి, "పద, ఇవాళ కోట చూసొద్దాం" అన్నాడు.

నాకు అనుమానం వచ్చింది. ఎలాదియో నన్ను ఎక్కడికైనా రమ్మన్నాడంటే ఏదో చెప్పబోతున్నాడని అర్థం. ఈ చుట్టుపక్కల ఊళ్ళ మధ్య బస్సు నడిపి నడిపి రిటైరయ్యాడు. రిటైరైన దగ్గర్నుంచీ ఇంట్లో నిలవలేడు. ఈ చలి తన మోకాళ్ళకు పడటం లేదట. వాళ్ళన్న సెవేరో కాస్తెయోన్ దగ్గర సముద్రం ఒడ్డున ఉంటాడు. ఆ బిల్డింగులోనే పై అంతస్తులో ఒక ఫ్లాటు ఖాళీగా ఉందట. వేసవి నుంచీ అదే పాట. నేను మాత్రం నా దుకాణం వదిలి రానన్నాను. ఆయన అడిగేవాడు, నేను కాదనేదాన్ని, ఆయన తలుపు ధడాలున వేసి బారుకు పోయేవాడు. ఇద్దరం ఒకరి మాట ఒకరం పూర్తిగా విని ఎన్ని నెలలైందో.

అయినా సరే, కోట చూడాలనుంది. వెళ్ళాను.

కాసిల్దా కిటికీ వెనకాల శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. నాతో బళ్ళో చదువుకున్న మనిషి.

"ఏమే బెనిల్దే, ఇన్నాళ్ళకి దయ కలిగిందా నీకు?"

"దయ కలగాల్సింది నాక్కాదు, నీ తాళాల గుత్తికి."

"సరేలే, నోరు మూసుకుని వెళ్ళు. చీకటి పడకముందే దిగిపోండి. లేకపోతే లోపలే పెట్టి తాళం వేసుకుపోతాను, మా ఆయనకి వంట చెయ్యాలి." ఎలాదియో వైపు తిరిగి, "బురుజు మెట్లు బాగా ఇరుకు. ఒక్కరే పడతారు. ఎక్కేవాళ్ళు ఎదురైతే దిగేవాళ్ళే వెనక్కి పైకెళ్ళి దారివ్వాలి. అది ఇక్కడి రూలు" అంది.

"పైనెవరైనా ఉన్నారా?" అన్నాడు ఎలాదియో.

"ఈ పొగమంచులో మీ ఇద్దరూ తప్ప ఎవరొస్తారయ్యా!"

కోట చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. చిన్నప్పుడు మేం దాగుడుమూతలాడుకున్న చోట గాజు నేల పరిచారు. వంటశాలలో ప్లాస్టిక్ పంది తొడలు వేలాడదీశారు. గోడలన్నీ కొత్త సిమెంటు వాసన. ఒక్కో గదిలో ఒక్కో బోర్డు, దాని నిండా చదవలేనంత చిన్న అక్షరాలు. ఇందుకా ఇన్నేళ్ళు నా చేత దుమ్ము తినిపించారు?

బురుజు ఒక్కటే పాతదిగా మిగిలింది. మా చిన్నప్పుడు ఆ మెట్ల నోరు రాళ్ళతో పూడ్చేసి ఉండేది. ఎవరు, ఎందుకు పూడ్చారో మా తాతకీ తెలీదు. ఈ ఆర్కిటెక్టు వాటిని తీయించి, లోపల శుభ్రం చేయించి, మనిషి కదిలితే వెలిగే దీపాలు పెట్టించాడు. కింద కాలు పెట్టగానే ఒకటి వెలిగింది. మలుపు తిరిగితే ఇంకొకటి. మనం దాటిపోగానే వెనకది ఆరిపోతుంది. రెండు పక్కలా గోడ భుజాలకు రాసుకుంటోంది. మెట్లు మధ్యలో అరిగి గుంటలు పడ్డాయి. ఎలాదియో ముందు, నేను వెనక. ఆయన మోకాలు పట్టుకుని ఆగినప్పుడల్లా నేనూ ఆగాను.

పైన ఇనప తలుపు తోసుకుని బయటికొస్తే పొగమంచు. కొండ కింద ఊరు ఉండాల్సిన చోట బూడిద రంగు తప్ప ఏమీ లేదు. ఓక్ కట్టెల పొగ వాసన ఒక్కటే పైదాకా వస్తోంది. ఏదో కుక్క మొరిగింది. అది మా వీధి కుక్కే అనిపించింది.

ఎలాదియో పిట్టగోడకు ఆనుకుని, నా వైపు చూడకుండా, "ఇల్లు అమ్మేస్తానని మాటిచ్చాను" అన్నాడు.

"ఏ ఇల్లు?"

"మనకెన్ని ఇళ్ళున్నాయేంటి? మాద్రిద్ దంపతులు కొంటామన్నారు. చెప్పాను కదా."

"నువ్వు నాకేం చెప్పలేదు."

"చెప్పాను. నువ్వు వినలేదు."

"ఎలాదియో, కింద దుకాణం, పైన ఇల్లు. ఇల్లు అమ్మేస్తే దుకాణం గాల్లో వేలాడుతుందా?"

"అందుకే కదా వెళ్ళిపోదాం అంటున్నాను! ఒక్కసారి... ఒక్కసారి నా మాటకి సరే అనొచ్చు కదే నువ్వు."

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయనా తిట్టాడు. పొగమంచు మాటల్ని మింగేస్తోంది, ఎంత గట్టిగా అరిచినా దూది మీద కొట్టినట్టుంది. చివరికి ఇద్దరికీ గొంతులు పోయాయి. మంచు రంగు మారుతోంది. చీకటి పడబోతోంది.

"పద, కాసిల్దా తాళం వేసేస్తుంది" అన్నాను.

ఈసారి కూడా ఆయనే ముందు. రెండు మలుపులు దిగామో లేదో, ఎలాదియో ఆగిపోయాడు. నా మోకాళ్ళు ఆయన వీపుకి తగిలాయి.

"ఎవరో ఎక్కుతున్నారు."

విన్నాను. కింద ఎక్కడో అడుగులు. మెల్లగా, బరువుగా. ఒక మెట్టు... ఆగడం... ఇంకో మెట్టు. ఎవరో పెద్దవాళ్ళయి ఉంటారు. రాతి మెట్ల దారిలోంచి ఊపిరి శబ్దం పైకి వస్తోంది.

"ఎక్కుతున్నారా?" అని ఎలాదియో కేకేశాడు.

"వస్తున్నా... వస్తున్నా..."

రొప్పుతూ చెప్పిన మాట. ఆడో మగో తెలీలేదు.

మర్యాదగా వెనక్కి తిరిగి పైకెక్కాం. బయట తలుపు పక్కన నిలబడి ఎదురుచూశాం. ఎవరూ రాలేదు. ఎలాదియో చేతులు నోటికి అడ్డం పెట్టుకుని ఊదుకుంటున్నాడు. లోపలికి తల పెట్టి విన్నాడు. ఏ చప్పుడూ లేదు.

"ఆయాసం వచ్చి దిగిపోయి ఉంటారు" అన్నాడు.

మళ్ళీ దిగడం మొదలుపెట్టాం. అదే మలుపు దగ్గరికి రాగానే మళ్ళీ అడుగులు. ఈసారి ఇంకాస్త దగ్గర్లో.

"అయ్యా, ఎవరండీ మీరు? ఎక్కుతారా, దిగుతారా?"

"వస్తున్నా... వస్తున్నా..."

మళ్ళీ పైకెక్కాం. మళ్ళీ ఎవరూ రాలేదు. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇన్నేళ్ళు లోపలికి రానివ్వలేదు, ఇప్పుడు బయటికి పోనివ్వరు. మూడోసారి దిగుతున్నప్పుడే ఒకటి గమనించాను. ఎలాదియో చెవి దగ్గర మెల్లగా చెప్పాను.

"దీపాలు చూడు."

"ఏం దీపాలు?"

"మన దగ్గర వెలుగుతోంది. కింద వెలగడం లేదు. మనిషి కదిలితే వెలగాలి కదా..."

అడుగులు వినబడుతున్నాయి. ఒక మెట్టు. ఆగడం. ఇంకో మెట్టు. మలుపు అవతల మాత్రం కటిక చీకటి. ఆ చీకట్లోంచి వాసన ఒకటి వచ్చింది. తడిసిన ఉన్ని వాసన. ఉతకని, గొర్రె జిడ్డు వదలని ఉన్ని. నా దుకాణంలో ఉండే వాసన కాదు. మా నాన్న గొర్రెల కొట్టంలో, వానాకాలంలో ఉండే వాసన.

"పాడైపోయాయి. ఈ కోటలో పాడవనిదేముంది?" అన్నాడు ఎలాదియో, గొంతు తగ్గించకుండానే.

"వద్దు. పైకి పోదాం. కాసిల్దా వచ్చేదాకా ఆగుదాం."

"చలికి చచ్చిపోతాం అక్కడ."

"ఎలాదియో, నా మాట విను..."

"నువ్వెప్పుడైనా నా మాట విన్నావా?"

అంతే. ఇంక ఆగలేదు. "దారి వదలండి, నేను దిగుతున్నాను! గోడకి అతుక్కుని నిలబడండి, సరిపోతుంది!" అని అరుస్తూ దిగిపోయాడు. ఆయనతో పాటు వెలుగు కూడా మెట్టు మెట్టూ కిందికి పోయింది. నా పైనున్న దీపం కాసేపుండి ఆరిపోయింది. నేను కదల్లేదు. చెయ్యి ఊపితే వెలుగుతుందని తెలుసు. ఊపబుద్ధి కాలేదు.

కింద మలుపులో ఆయన చెప్పుల చప్పుడు ఆగింది. గోడ మీద పసుపు వెలుగు.

తర్వాత ఎలాదియో గొంతు. కోపం లేదు అందులో. ఆశ్చర్యం.

"నువ్వా? నువ్వెప్పుడు దిగావ్?"



గుసగుసలు. ఎవరో మాట్లాడుతున్నారు, ఆయన వింటున్నాడు. చాలాసేపు విన్నాడు. ఎలాదియో అడ్డం పడకుండా ఎవరి మాటైనా అంతసేపు వినడం నేనెప్పుడూ చూడలేదు. ఆ తర్వాత బట్ట రాతికి రాసుకున్న శబ్దం... ఒకరు ఇంకొకరిని దాటుతున్నట్టు. ఒక్కరే పట్టే చోట.

"జాగ్రత్త, మెట్లు జారుతున్నాయి" అన్నాడు ఆయన, ఎంతో నెమ్మదిగా.

వెలుగు దిగిపోయింది. ఆయన అడుగులు కిందికి, కిందికి... వినబడకుండా పోయాయి.

రెండో అడుగులు మాత్రం పైకి వస్తున్నాయి.

ఒక మెట్టు. ఆగడం. ఇంకో మెట్టు.

ఊపిరి దగ్గరికొచ్చింది. ప్రతి ఊపిరి చివరా సన్నటి ఈల. చిన్నప్పుడు న్యుమోనియా వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ మెట్లెక్కితే నాకు వచ్చే ఈల అది. నాకు తెలీకుండా ఎలా ఉంటుంది? నేను ఊపిరి బిగపట్టాను. ఈల ఆగలేదు.

ఎలా ఎక్కానో తెలీదు. మోకాళ్ళు రాళ్ళకు కొట్టుకున్నాయి. పైకొచ్చి ఇనప తలుపు లాగి, వీపు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డాను. ఆ తలుపుకి బయట గడియ లేదు. గడియ పెట్టాలని ఏ ఆర్కిటెక్టుకీ తోచలేదు.

అడుగులు తలుపు దాకా వచ్చాయి. ఆగాయి.

తలుపు కొట్టలేదు. ఊపలేదు. అవతల ఎవరో తమ వీపు కూడా తలుపుకే ఆనించినట్టు, బరువు మెల్లమెల్లగా పెరిగింది. ఇనుములోంచి చలి నా వెన్నులోకి దిగింది. నా తలకి సరిగ్గా వెనక, అంతే ఎత్తులో, ఇంకో తల ఆనింది.

"కాస్త... జరుగు."

నా గొంతే. చర్చిలో బల్ల మీద పక్కవాళ్ళతో అంటాం చూడండి, అలా.

"కాస్త జరుగు..."

కేక పెట్టాలని నోరు తెరిచాను. అప్పుడే కింద ఆవరణలోంచి కాసిల్దా అరుపు వినబడింది. "బెనిల్దే! ఏం చేస్తున్నావే పైన? మూసేస్తున్నా!"

"కాసిల్దా! ఇక్కడున్నా! పైకి రా, ఎవర్నైనా తీసుకురా!"

గొంతు చిరిగిపోయేలా అరిచాను. మంచు మింగేసింది. కాసిల్దా నుంచి జవాబు లేదు. ఆ క్షణంలోనే నా వెనక, తలుపు అవతల, మెట్ల దారి మారుమోగేలా ఖుషీగా ఒక కేక.

"వస్తున్నా! వస్తున్నా!"

"ఆఁ, త్వరగా రా!" అంది కాసిల్దా కింద నుంచి.

నేను అరిస్తే వినబడలేదు. దానిది వినబడింది.

తలుపు మీద బరువు పోయింది. అడుగులు దిగడం మొదలుపెట్టాయి. ఎక్కినప్పుడు ఉన్న ఆయాసం లేదు ఇప్పుడు. చకచకా, అలవాటున్న మెట్లు దిగుతున్నట్టు. నేను అక్కడే ఉండిపోయాను, పళ్ళు పటపటలాడుతుంటే. చప్పుడు పూర్తిగా ఆగాకే తలుపు తీశాను. రెండు చేతులూ ముందుకు చాచి ఊపుతూ, ప్రతి దీపం వెలిగాకే అడుగేస్తూ దిగాను. మెట్ల మీద ఎవరూ లేరు. గోడలు తడిగా ఉన్నాయి. నా భుజాల ఎత్తులో, రెండు పక్కలా.

ఆవరణలో కాసిల్దా తాళాలు ఆడిస్తూ నిలబడి ఉంది. ఎలాదియో రాతి అరుగు మీద కూర్చున్నాడు.

"నా ముందు ఎవరొచ్చారు?" అన్నాను.

"ఎవరొస్తారే? నువ్వే వచ్చావు" అంది కాసిల్దా. "మొహమేంటి అలా పాలిపోయింది?"

"నాకంటే ముందు ఒక మనిషి దిగింది, కాసిల్దా. ఇప్పుడే. నీకు జవాబు చెప్పింది కూడా."

"జవాబు చెప్పింది నువ్వు. నీ గొంతు నాకు తెలీదా?"

ఎలాదియో లేచి నా దగ్గరికొచ్చాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆయన అలా పట్టుకోవడం నాకు గుర్తులేదు.

"థాంక్స్, బెనిల్దే" అన్నాడు.

"దేనికి?"

"సరే అన్నందుకు."

"నేనేం సరే అన్నాను?"

"మళ్ళీ మొదలుపెట్టకు. మెట్ల మీద అన్నావు కదా. నా చెంప మీద చెయ్యి పెట్టి... ఎంత చల్లగా ఉందే నీ చెయ్యి! 'నువ్వెక్కడికెళ్తే నేనూ అక్కడికే. ముందు నువ్వు వెళ్ళు, వెనకాలే వస్తాను' అన్నావు."

"అది నేను కాదు."

"మరెవరు, మేయరా?"

"ఎలాదియో, నేను పైనే ఉన్నాను. నువ్వు నన్ను పైన వదిలి దిగావు. నేను నిన్ను దాటి కిందికెప్పుడు పోయాను, చెప్పు? ఎలా పోతాను? ఆ మెట్ల మీద ఇద్దరు పడతారా?"

ఆయన మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. ఆలోచిస్తాడనుకున్నాను. కానీ ఆ మొహం మళ్ళీ వెలిగిపోయింది.

"ఏమో, ఎలాగో పోయావు. అన్న మాట మాత్రం అన్నావు. కాసిల్దా, నువ్వే సాక్షి, బెనిల్దే సముద్రానికి వస్తోంది!"

"ఒసేయ్, నిజమా!" అని కాసిల్దా నన్ను వాటేసుకుంది.

ఆ వారమంతా నరకం. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళూ, ఎప్పుడు వెళ్తున్నారు, సముద్రం గాలి మంచిది, నీ దగ్గర బూడిద రంగు ఊలు మిగిలితే తగ్గించి ఇస్తావా... నేను వెళ్ళడం లేదు అంటే నవ్వేవాళ్ళు. జరిగింది జరిగినట్టు కాసిల్దాకి చెప్పాను. ఆవిడ చాలా జాలిగా విని, "ఎలాదియో అబద్ధం చెప్పే రకం కాదే" అంది. "నేను చెప్పే రకాన్నా?" అని అడిగాను. చర్చి ఫాదర్ దగ్గరికి వెళ్తే, భర్తకిచ్చిన మాట తప్పడానికి ఇన్ని సాకులు అక్కర్లేదన్నాడు. చెప్పేకొద్దీ నా మాటే నాకు పిచ్చిదాని మాటలా వినబడసాగింది.

ఇంట్లో రోజూ గొడవే. కాకపోతే ఇప్పుడు ఎలాదియో కోప్పడటం లేదు. అది ఇంకా కష్టం. నేను ఎంత అరిచినా, చెంప తడుముకుని చిన్నగా నవ్వుతాడు. నేను మనసులో ఒప్పుకున్నానని, పైకి మాత్రం బింకానికి పోతున్నానని ఆయన నమ్మకం. "నాకు నీ అసలు మాట తెలుసులే" అంటాడు. ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని నేను. నా మాట చెల్లదు, మెట్ల మీద కాసేపు మాట్లాడినదాని మాట చెల్లుతుంది.

"ఆ చెయ్యి ఎలా ఉందో గుర్తు తెచ్చుకో" అని ఒక రాత్రి బతిమాలాను. "గట్టిగా ఆలోచించు. నా చెయ్యిలాగే ఉందా?"

చెంప తడుముకున్నాడు.

"చల్లగా ఉంది" అన్నాడు. "మెత్తగా ఉంది. వేళ్ళు మాత్రం..." ఆగిపోయాడు.

"వేళ్ళు?"

"ఏం లేదు. నిద్రపో."

జనవరిలో ముగ్గురు రాజుల పండగ దాటిన మర్నాడు పెట్టె సర్దుకుని బస్సెక్కాడు. వెళ్ళొద్దని స్టాండు దాకా వెంటపడి అడిగాను. ముందు తను వెళ్ళాలి కదా అన్నాడు, అలాగే కదా అనుకున్నాం అన్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

రోజూ ఫోన్ చేస్తాడు. గొంతులో అంత సంతోషం ఎప్పుడూ వినలేదు. ఎండ బాగుందట. సార్డీన్ చేపలు బాగున్నాయట. సెవేరోతో రోజూ డామినో ఆటలట. బాల్కనీలోకి నాకోసం కుర్చీ కొన్నాడట.

"నేను రావడం లేదు ఎలాదియో."

"ఆఁ ఆఁ, అలాగే అంటావు."

"తలుపు గడియ పెట్టుకో. ఎవరొచ్చినా తియ్యకు. నేను వచ్చినా తియ్యకు, విన్నావా? నేను వస్తే ముందు ఫోన్ చేస్తాను."

పగలబడి నవ్వాడు. "నువ్వొస్తే తలుపు తియ్యొద్దా! విన్నావా అన్నయ్యా, మా ఆవిడ జోకులు!"

నిన్న సాయంత్రం దుకాణం మూస్తుంటే నా మొబైలు మోగింది. సెవేరో భార్య పురా. వాళ్ళు కింది అంతస్తులో ఉంటారు. పురా నాకెప్పుడూ ఫోన్ చెయ్యదు. చేసిందంటే ఏదో ఫిర్యాదు ఉండాలి.

"బెనిల్దే, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోవుగా?"

"చెప్పు."

"నువ్వు వచ్చావు, సంతోషం. ఎలాదియో పాపం ఒక్కడే వండుకుంటున్నాడు. కానీ లిఫ్టు ఉండగా నువ్వు మెట్ల మీద అలా నిలబడటం ఏంటి? పలకరిస్తే పలకవు. గోడ వైపు తిరిగి ఉంటావు. అరుదుగా వచ్చిన తోడికోడలివి, నేనేం చేశానని?"

నా చేతిలో షట్టరు కర్ర ఉంది. దాన్ని నేల మీద పెట్టాను.

"పురా, నేను వాల్‌దెసార్రోలో ఉన్నాను. నా దుకాణం ముందు నిలబడి ఉన్నాను."

"ఏడిశావులే. మొన్న చెత్త పారెయ్యడానికి పోతూ నీ పక్కనుంచే దూరి వచ్చాను. మొదట కింద వీధి తలుపు దగ్గర ఉన్నావు, తర్వాత మా గుమ్మం దగ్గర, ఇప్పుడేమో ఎలాదియో ఫ్లాటు మలుపు దాకా వచ్చావు. ఆ కొన్ని మెట్లెక్కడానికి ఇన్ని రోజులా మహాతల్లీ? మోకాళ్ళ నొప్పా?"

"ఎలాదియో ఎక్కడున్నాడు? పురా, ఆయన్ని పిలువు. ఇప్పుడే. మీ ఇంటికి తీసుకొచ్చేయ్."

"మా ఇంటికెందుకు? నీకోసమే చేపల పులుసు పెట్టుకుని, తలుపు తీసి పెట్టుకుని కూర్చున్నాడు." పురా గొంతు తగ్గించింది, ఎవరో వింటారన్నట్టు. "అయినా నేను ఫోన్ చేసింది అందుక్కాదు. నువ్వు ఒక్కదానివే వస్తే ఎవరూ ఏమనరు. కానీ నీ వెనకాల నిలబడ్డవాళ్ళంతా ఎవరు? మీ ఊరివాళ్ళా? వీధి తలుపు దాకా మెట్లన్నీ నిండిపోయాయి. ఇంత చలిలో ఒక్కరి కాళ్ళకీ చెప్పుల్లేవు, అందరి మీదా తడిసిన గొర్రె ఉన్ని వాసన. ఆ చంటిపిల్లల్నైనా కాస్త లోపలికి తీసుకుపో, బెనిల్దే. ఒక్కళ్ళూ ఏడవడం లేదు."